కుక్కర్ మూడో విజిల్ తర్వాత ఆర్టికల్ 32

(హైదరాబాద్‌లో ఒక కాలనీ గ్రంథాలయం వార్షికోత్సవంలో బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరైన ఒకావిడ మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినపడుతోందా? వినపడితే చెయ్యెత్తండి. సరే. బాబూ, ఆ పక్క ఫ్యాన్ ఒకటి ఆపుతావా, మైకులో గాలి హోరు వస్తోంది.

నన్ను పిలిచినప్పుడు కమిటీవాళ్లు "పుస్తకాల గురించి ఏదైనా చెప్పండమ్మా, పిల్లలకు స్ఫూర్తిగా ఉండాలి" అన్నారు. తీరా వచ్చి చూస్తే పిల్లలు ఐదుగురున్నారు. వాళ్లలో ఇద్దరు అప్పుడే బయటికి ఆడుకోవడానికి జారుకున్నారు. మిగిలినవాళ్లం అంతా బీపీ మాత్రలవాళ్లమే. మనకిప్పుడు స్ఫూర్తి ఎందుకండీ? అందుకని స్ఫూర్తి సంగతి వదిలేసి, నాకు తెలిసిన నాలుగు ముక్కలు చెబుతాను. పుస్తకాలు చదివితే మంచివాళ్లమైపోతామని మాత్రం నా నోటితో అనను. ముప్పై ఒక్కేళ్లు బ్యాంకు కౌంటర్లో కూర్చున్నదాన్ని. బాగా చదువుకున్నవాళ్లు టోకెన్ కోసం ఎలా పోట్లాడతారో నాకు తెలియదా?

ముందు మా నాయన గురించి చెప్పాలి. ఆయన చదివింది ఐదో తరగతి. పని, ప్రెస్సులో కంపోజిటర్. సుల్తాన్ బజార్ దగ్గర ఒక సందులో ఉండేది ఆ ప్రెస్సు. కంపోజింగ్ అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. సీసం అక్షరాలు ఒక్కొక్కటీ ఏరి, స్టిక్కులో పేర్చి, లైను కట్టాలి. ఇంగ్లీషుకైతే ఇరవై ఆరక్షరాలు, చిన్నవీ పెద్దవీ. మన తెలుగుకో? గుణింతాలు, ఒత్తులు, వాటికి మళ్లీ రకరకాల జోడింపులు. కేసుల్లో వందల గళ్లుండేవి. మా నాయన చెయ్యి చూడకుండానే ఆ గళ్లలోకి వెళ్లేది, అమ్మ చెయ్యి పోపుల డబ్బాలోకి వెళ్లినట్టు.

ఆ అక్షరాలన్నీ అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటాయి కదా, అందుకని ఆయన తలకిందులుగా, వెనకా ముందూగా, ఎటునుంచైనా చదివేసేవాడు. బస్సులో ఎదురుగా కూర్చున్నాయన పేపరు పట్టుకుంటే, ఇటునుంచి మా నాయన తలకిందులుగా మొత్తం చదివేసేవాడు. ఒక్కోసారి "పేజీ తిప్పుండ్రి సార్, నాది అయిపోయింది" అనేవాడు. ఆయన అదిరిపడేవాడు.

నాకు ఆరేడేళ్లప్పుడు ఇంట్లో పుస్తకాల్లేవు. ఉన్నవి గ్యాలీ ప్రూఫులు. జానెడు వెడల్పు, మూరెడు పొడవు కాగితాలు. తప్పులు దిద్దడం అయిపోయాక పారేసే కాగితాలను మా నాయన మడత పెట్టి జేబులో వేసుకుని తెచ్చేవాడు. అమ్మ వాటిని అల్మారా అరల్లో పరిచేది. నేను అల్మారా ముందు కూర్చుని డబ్బాలు జరిపి చదివేదాన్ని. పసుపు డబ్బా కింద కథ మొదలయ్యేది, చింతపండు కుండ దగ్గర ఆగిపోయేది. ఎందుకాగిపోయేది? ఆ తర్వాతి గ్యాలీ మా ఇంటికి రాలేదు కాబట్టి.

"తర్వాతేమైంది నాయనా?" అని అడిగితే ఏమనేవాడో తెలుసా? "అది నేను కంపోజ్ చేయలే బిడ్డా. పక్క కేసు ఆయన చేసిండు. రేపు అడిగొచ్చి చెప్త." నిజంగానే మర్నాడు అడిగి వచ్చేవాడు. రాత్రి అన్నం తినేటప్పుడు చెప్పేవాడు. ఆ పక్క కేసు ఆయన ఎవరో నేను ఒక్కసారి కూడా చూడలేదు. ఎన్నో కథల చివరలు మాత్రం నాకు ఆయన చెప్పినవే. ఆయన సరిగ్గా చెప్పాడో, మా నాయన దారిలో మరిచిపోయి సొంతంగా కల్పించాడో! పెద్దయ్యాక ఒకటి రెండు కథలు పుస్తకంలో దొరికాయి. చివర వేరేగా ఉంది. నాకైతే మా ఇంట్లో విన్నదే బాగుందనిపించింది.

సెలవు రోజుల్లో నన్ను ప్రెస్సుకు తీసుకెళ్లేటప్పుడు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం అనే గ్రంథాలయం చూపించేవాడు. చాలామంది దాని ముందునుంచే కోఠికి షాపింగ్‌కు వెళ్తారు, లోపలికి మాత్రం వెళ్లరు. 1901 సెప్టెంబర్ 1న పెట్టారు దాన్ని. రావిచెట్టు రంగారావుగారి ఇంట్లో మొదలైంది. కొమర్రాజు లక్ష్మణరావుగారు, మునగాల రాజా నాయని వెంకట రంగారావుగారు, ఇలా కొందరు పెద్దలు కలిసి పెట్టారు. అప్పుడు ఈ ఊళ్లో రాజభాష తెలుగు కాదు. కచేరీలో తెలుగు లేదు, పై చదువుల్లో తెలుగు లేదు. అలాంటప్పుడు తెలుగు చదవాలన్నవాడు ఎక్కడికి పోవాలి? కూర్చుని చదువుకోవడానికి ఒక చోటు కావాలి. అంతే, ఆ చోటు కోసం పెట్టారు. తర్వాత ఐదేళ్లకు, 1906లో, ఈ ఊళ్లోనే విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి వచ్చింది. చదవడానికి చోటు దొరికాక చదవడానికి పుస్తకాలు కావాలి కదా, అవీ వేయడం మొదలుపెట్టారు.

మా నాయన అందరికంటే ఎక్కువగా తలుచుకునేది వట్టికోట ఆళ్వారుస్వామిగారిని. ఎందుకంటే ఆయన మావాడు అనుకునేవాడు. ఆళ్వారుస్వామి నల్లగొండ జిల్లావాడు. చిన్నప్పుడు ఒకరింట్లో వంట చేసిపెట్టి చదువు నేర్చుకున్నాడు. హోటల్లో సర్వర్‌గా చేశాడు. హైదరాబాద్ వచ్చి గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దాడు. ప్రూఫులు దిద్దాడు అన్నమాట దగ్గర మా నాయన గొంతు కాస్త పెరిగేది, చూశావా మన ప్రెస్సు మనిషే అన్నట్టు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు అచ్చు వేయించి, వాటిని తనే మోసుకుంటూ ఇంటింటికీ తిరిగి అమ్మాడు. ఆ ఏడే పోయిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి బిరుదు ఆ మాలకు పెట్టుకున్నాడు. తర్వాత జైలుకు వెళ్లాడు, జైల్లో మనుషుల గురించి కథలు రాశాడు, నవలలు రాశాడు. 1961లో పోయాడు, యాభై ఏళ్లు కూడా నిండకుండా.

నేనెందుకు చెబుతున్నానంటే, ఆయన పుస్తకాలను ప్రేమించాడు అంటాం కదా, ఆ ప్రేమ ఎలా ఉంది? బీరువాకు తాళం వేసుకుని ప్రేమించలేదు. మోశాడు. భుజం నొప్పి పుట్టేలా మోశాడు. ఈ మోయడం అనే మాట కాస్త గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాను దానికి.

బ్యాంకు సంగతి తొందరగా దాటేస్తాను, నాకే బోరు కొట్టింది, మీకెందుకు. ఒక్క విషయం. మా కౌంటర్ దగ్గరికి విత్‌డ్రాయల్ ఫారం పట్టుకుని రోజుకు పది మందైనా వచ్చేవాళ్లు, "అమ్మా, జర రాసియ్యు" అని. రాసిచ్చేదాన్ని. కొందరు ఇంటినుంచి వచ్చిన ఉత్తరాలు కూడా తెచ్చేవాళ్లు. లంచ్ టైంలో చదివిపెట్టేదాన్ని. అది చదవడం కిందికి వస్తుందని అప్పుడు నాకు తోచలేదు. చదవడమంటే రాత్రి పడుకునే ముందు నవల పట్టుకోవడం. నా కోసం నేను చదువుకోవడం.

2018లో రిటైరయ్యాను. అందరూ చెప్పేదే, ఇక హాయిగా చదువుకోవచ్చని. ఏం చదివాను? నెలకు రెండు పుస్తకాలు కూడా చదవలేకపోయాను. ఫోన్ పక్కనే ఉంటుంది కదా. కళ్లు లైన్ల మీద పరుగెత్తుతాయి, పేజీ తిరుగుతుంది, ఏం చదివావంటే చెప్పలేను. మీలో ఎంతమందికి అలా ఉంది? పర్లేదు, చేతులెత్తకండి, ముఖాలు చూస్తే తెలుస్తోంది.

అప్పట్లో పొద్దున్నే చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి వెళ్లేదాన్ని. అక్కడ చూశారా ఎప్పుడైనా? పొద్దున్నే గేటు తెరవకముందే పిల్లలు నిలబడి ఉంటారు. గ్రూప్స్‌కు, కానిస్టేబుల్‌కు, టీచర్ పోస్టులకు చదివేవాళ్లు. టిఫిన్ డబ్బా, నీళ్ల బాటిల్, సంచినిండా సొంత పుస్తకాలు. లోపల చోటు దొరక్కపోతే చెట్టుకింద కుర్చీ వేసుకుంటారు. మనలాంటి పెద్దవాళ్లు వాళ్లను చూసి ఏమంటారు? "వీళ్లు పాఠకులు కాదండీ, ఉద్యోగం కోసం బట్టీ కొట్టేవాళ్లు. లైబ్రరీ పుస్తకం ఒక్కటీ ముట్టరు." నేనూ అన్నాను ఒకప్పుడు. ఇప్పుడనను. 1901లో రంగారావుగారి ఇంటికి వచ్చినవాళ్లకు ఏం కావాల్సి వచ్చింది? కూర్చోవడానికి ఒక చోటు. వీళ్లకూ అదే. రూములో ఆరుగురుంటే ఎక్కడ చదువుతారు?

అక్కడ ఒకరోజు నోటీసు బోర్డు ముందు ఒక అబ్బాయి నిలబడి ఉన్నాడు. చేతిలో తెల్లకర్ర. పక్కన వెళ్తున్నవాళ్ల అడుగుల చప్పుడు విని "అన్నా, కొత్త నోటిఫికేషన్ ఏమన్నా పడ్డదా?" అని అడుగుతున్నాడు. అందరూ తొందరలో ఉన్నారు. నేను ఆగాను. చదివాను. ఖాళీలెన్ని, వయసెంత, ఫీజెంత, ఆఖరు తేదీ ఎప్పుడు. అంతా విని, "మేడమ్, మీరు మంచిగ చదువుతున్నరు. ఆగి ఆగి చదువుతున్నరు" అన్నాడు. నా అరవై ఏళ్ల జీవితంలో నేను బాగా చదువుతానని ఎవరూ అనలేదండీ. మా ఆయనైతే నేను పేపరు పైకి చదివితే లేచి వెళ్లిపోయేవాడు.

మహబూబ్‌నగర్ వైపు అబ్బాయి. పేరు చెప్పను, తనకు ఇష్టం ఉండదు. రెండు వారాలకు ఫోన్ చేశాడు. "మేడమ్, పాలిటీ పుస్తకం ఒకటుంది, తెలుగు మీడియంది. జర చదివి రికార్డు చేసిస్తరా?" అని. పాలిటీ అంటే రాజ్యాంగం, ప్రభుత్వం గురించి చెప్పే పుస్తకం. ఎన్ని పేజీలని అడగలేదు. అడిగి ఉంటే ఒప్పుకునేదాన్ని కాదేమో. నాలుగొందల పైచిలుకు.

కుక్కర్ సంగతి

పుస్తకం పైకి చదివి రికార్డు చేయడం చాలా తేలిక అనుకున్నాను. ఫోన్‌లో ఎర్ర బటన్ నొక్కితే అయిపాయె. మొదటి రోజు ఇరవై నిమిషాలు చదివి, గర్వంగా విన్నాను. ఏముంది అందులో? కూరగాయల బండివాడి మైకు, పక్కింటి కుక్క, కింద ఎవరో స్కూటర్ కిక్కు కొడుతున్నారు, కొడుతున్నారు, కొడుతూనే ఉన్నారు. మధ్యలో భారత రాజ్యాంగం.

దాంతో తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి చదవడం మొదలుపెట్టాను. అది కొన్నాళ్లే. తర్వాత ఇంటిపని, చదువు కలిసిపోయాయి. ఒకవైపు కుక్కర్ పెట్టి, ఇంకోవైపు ప్రాథమిక హక్కులు చదివేదాన్ని. ఒకసారి ఆ అబ్బాయికి సారీ చెప్పాను, "విజిల్స్ పడ్డాయి నాయనా, మళ్లీ చదివి పంపిస్తా" అని. "వద్దు మేడమ్, తీసెయ్యకుండ్రి!" అన్నాడు. ఎందుకంటే, గంటసేపు ఫైలులో ఎక్కడేముందో వెతుక్కోవడం కష్టం కదా. వాళ్ల హాస్టల్లో నలుగురు వింటున్నారట అప్పటికి. వాళ్లు గుర్తులు పెట్టుకున్నారు. "కుక్కర్ మూడో విజిల్ తర్వాత ఆర్టికల్ 32 వస్తది మేడమ్. కుక్క మొరిగినంక ఆదేశిక సూత్రాలు."

నవ్వుతున్నారు. నేనూ నవ్వాను. హక్కులకు భంగం కలిగితే సుప్రీంకోర్టు తలుపు తట్టొచ్చని చెప్పేది, అంబేద్కర్‌గారు రాజ్యాంగానికి గుండె, ఆత్మ అన్న అధికరణం, మా ఇంట్లో పప్పు ఉడికిన చోట ఉంది.

మీలో కొందరికి ఒక అనుమానం వస్తుంది, అడిగారు కూడా చాలామంది. ఈ రోజుల్లో కంప్యూటరే చదువుతుంది కదమ్మా, నువ్వెందుకు గొంతు చించుకోవడం? మంచి ప్రశ్న. ఫోన్లలో టాక్‌బ్యాక్ ఉంది, కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ ఉంది, తెరమీద ఉన్నది పైకి చదివిపెట్టే సాఫ్ట్‌వేర్లు, తెలుగు కూడా చదువుతాయి. ఆ అబ్బాయి ఎంత వేగంగా వింటాడంటే మనకు చీమల పుట్ట గోల లాగా ఉంటుంది, తనకు అర్థమైపోతుంది. మరి ఎక్కడొచ్చింది చిక్కు? మన తెలుగు పుస్తకాలు చాలాకాలంగా అను ఫాంట్లలో టైపు చేస్తున్నారు. తెరమీద మనకు 'అమ్మ' అని చక్కగా కనిపిస్తుంది. లోపల కంప్యూటర్‌కు తెలిసింది అమ్మ కాదు, ఏవో ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. చదవమంటే పిచ్చి పిచ్చిగా చదువుతుంది. యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్‌కు కూడా తెలుగు అక్షరం తెలుగు అక్షరంగానే తెలిసే పద్ధతిలో ఉంటే ఈ బాధ లేదు. ఇంక స్కాన్ చేసిన పుస్తకాలున్నాయి, అవి ఉత్త బొమ్మలు. బొమ్మలోంచి అక్షరాలు లాగే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు బాగుపడ్డాయి, కాదనను. పాత అచ్చు, చెదిరిన ఒత్తులు ఉంటే మాత్రం ఇప్పటికీ తికమకపడతాయి. పుస్తకాలు వేసేవాళ్లు ఎవరైనా ఇక్కడ ఉంటే చేతులు జోడించి అడుగుతున్నాను, ఫైలును యూనికోడ్‌లో కూడా దాచండి. మీకు పెద్ద ఖర్చు కాదు.

రెండో అనుమానం, ఇది దొంగ కాపీ కాదా అని. కాదు. కాపీరైట్ చట్టానికి 2012లో సవరణ చేశారు. చూపులేనివాళ్లు, అచ్చు పుస్తకం చదవలేనివాళ్లు వాడుకునే రూపంలోకి పుస్తకాన్ని మార్చి, లాభం చూసుకోకుండా వాళ్లకు ఇవ్వొచ్చు. 2013లో మొరాకోలోని మరాకేష్‌లో దీనిమీదే అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. దాన్ని అందరికంటే ముందు ఆమోదించిన దేశం ఏది? మనదే, 2014లో. 2016 నుంచి సుగమ్య పుస్తకాలయ అని వాళ్ల కోసం ఆన్‌లైన్ లైబ్రరీ కూడా ఉంది. అయితే ఆ ఫైళ్లు వాళ్లకే. మనం వాకింగ్‌లో వినడానికి కాదు. నన్ను ఒకావిడ అడిగింది, "నాకూ పంపవా, వంట చేసుకుంటూ వింటా" అని. కళ్లున్నాయి కదమ్మా, కొనుక్కుని చదువుకో అన్నాను. కోపం వచ్చింది ఆవిడకు. రానీ.

ఇప్పుడు నా తప్పొకటి చెప్పాలి. చెప్పకపోతే ఈ మైకు ముందు నిలబడే అర్హత లేదు. పుస్తకం పాతది, మీద ఎప్పుడో టీ ఒలికింది. రెండు కాగితాలు అతుక్కుపోయాయి. నేను 111వ పేజీ చదివి, తిప్పి, 114 చదివాను. అసలు నాకెలా తెలియలేదంటే, 111 చివర వాక్యం సగంలో ఆగింది, 114 మొదటి మాట దానికి అతికినట్టు సరిపోయింది! అర్థం కూడా వచ్చింది. గవర్నర్ అధికారాల గురించి మొదలుపెట్టి ఇంకేదో అయింది. ఆ మధ్య పోయిన రెండు పేజీలలోంచి పరీక్షలో ప్రశ్న వచ్చింది. హాస్టల్లో నలుగురూ ఒకటే తప్పు రాసి వచ్చారు. తనేమీ అనలేదు. "పుస్తకంలనే లేదనుకున్న మేడమ్" అన్నాడు అంతే. నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. మనకైతే పేజీ నంబరు కళ్లముందు ఉంటుంది, తేడా వస్తే తెలుస్తుంది. వాళ్లకు నేను చదివిందే పుస్తకం. నేను ఎగరగొడితే అది లోకంలోనే లేదు. ఆ రోజునుంచి ప్రతి పేజీ ముందు నంబరు పైకి చెబుతాను. అధ్యాయానికి ఒక ఫైలు. పట్టిక వస్తే అడ్డంగా చదువుతూ, ప్రతి గడికీ పైన శీర్షిక ఏమిటో మళ్లీ చెబుతాను. విసుగే. కానీ అలా చెప్పకపోతే అది పట్టిక కాదు, ఉత్త అంకెల మూట.

బొమ్మల ఏముంది?

అన్నింటికంటే నన్ను ఇరకాటంలో పెట్టింది ఎకనామిక్స్ పుస్తకం. "పటం చూడండి" అని ఉంది, "పటం చూడండి" అని చదివేసి ముందుకు పోయాను. రాత్రి ఫోన్. "మేడమ్, బొమ్మల ఏముంది?"

బొమ్మలో ఏముంది? డిమాండ్ రేఖ ఉంది. దాన్ని మాటల్లో ఎలా చెప్పాలి? ఎడమనుంచి కుడికి కిందికి వాలుతుంది అన్నాను. "మెట్లు దిగినట్టా మేడమ్, జారుడుబండ లెక్కనా?" ఒక్క నిమిషం నోట మాట రాలేదు. నేను డిగ్రీలో ఆ రేఖ గీసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. మెట్లా జారుడుబండా అని ఎప్పుడూ ఆలోచించలేదు. జారుడుబండే, ఎందుకంటే ధర కొంచెం మారినా కొనేది కొంచెం మారుతుంది, మధ్యలో తెంపు లేదు. ఆ మాట చెబుతుంటే నాకే మొదటిసారి అర్థమవుతోంది.

ఆదివారం తను లైబ్రరీకి వచ్చాడు. నేను ఒక అట్టముక్క తెచ్చాను. రెండు అగరుబత్తి పుల్లలు ఫెవికాల్‌తో అంటించాను, అవి అక్షాలు. డిమాండ్‌కు ఊలు దారం. సప్లైకి పురికొస, చేతికి గరుకుగా తేడా తెలియాలని. రెండూ కలిసే చోట మా ఆయన పాత చొక్కా బొత్తాం. తను వేలు పెట్టి ఊలు వెంబడి మెల్లగా దిగాడు, మళ్లీ పురికొస పట్టుకుని ఎక్కాడు. బొత్తాం దగ్గర ఆగాడు. దానిమీద వేలు అలాగే ఉంచి "ఇదేనా సమతౌల్య ధర?" అన్నాడు. నాలుగు రంధ్రాల బొత్తాం. ఆ అట్టముక్క హాస్టల్‌కు వెళ్లి, చేతులు మారి మారి, నెల తర్వాత ఊలు అరిగిపోయి తిరిగి వచ్చింది. మా ఇంట్లో ఉంది ఇంకా. దాన్ని చూసి మా కోడలు "ఏంటత్తయ్యా ఈ చెత్త" అని పారేయబోయింది, పట్టుకున్నాను.

ముప్పై ఒక్కేళ్లు బ్యాంకులో చేసినా రెపో రేటు అంటే ఏమిటో నాకు సరిగ్గా తెలిసింది రిటైరయ్యాకే అంటే నమ్ముతారా? సర్క్యులర్ వస్తే కౌంటర్లో చెప్పేవాళ్లం, వడ్డీ పెరిగింది, తగ్గింది. ఎందుకో ఎవరికి కావాలి? ఇప్పుడు ఎవరో వింటారు, "అదెట్ల మేడమ్" అని అడుగుతారు. అడుగుతారన్న భయంతో ముందురోజే చదువుకోవాలి. మోయడం అన్నాను కదా ఇందాక, ఇదే. పుస్తకాన్ని ఇంకొకరి దగ్గరికి మోసుకెళ్లాలంటే, ముందు మనం దాన్ని ఎత్తగలగాలి. నేను అంతకుముందు ఎత్తలేదు, ఊరికే తాకి వచ్చాను.

పరాకు కూడా పోయింది. పైకి చదివేటప్పుడు కళ్లు పరుగెత్తలేవు కదా, నాలుక ఒప్పుకోదు. వాక్యం ఎక్కడ ఊపిరి పీల్చుకుంటుందో తెలుస్తుంది. చెత్తగా రాసిన వాక్యం గొంతులో అడ్డం పడుతుంది, పరీక్షల పుస్తకాల్లో అవి బోలెడు.

చదివే ఓపిక లేనివాళ్లు, ముఖ్యంగా చదువుకుంటున్న పిల్లలు, స్క్రైబ్‌గా వెళ్లొచ్చు. పరీక్షలో వాళ్లు చెబితే రాయాలి. స్క్రైబ్‌కు మరీ ఎక్కువ చదువు ఉండకూడదని నిబంధన ఉంది, అందుకే నాలాంటివాళ్లు పనికిరారు. ఇంటర్ పిల్లలు, డిగ్రీ పిల్లలు కావాలి. పరీక్ష ముందురోజు రాత్రి పదింటికి "స్క్రైబ్ రానంటున్నడు మేడమ్" అని ఫోన్ వస్తే ఆ టెన్షన్ ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఒప్పుకుంటే వెళ్లండి. వెళ్లలేకపోతే ముందే చెప్పండి.

ఇంకొకటి, ఈ లైబ్రరీ గురించి. పోయిన నెల ఇంటిపన్ను కట్టారా అందరూ? అందులో గ్రంథాలయ సెస్సు ఉంటుంది, పన్నులో రూపాయికి 8 పైసలు. అంటే మీరు లైబ్రరీ గడప తొక్కినా తొక్కకపోయినా చందా కడుతూనే ఉన్నారు. కట్టిన డబ్బులకైనా వెళ్లి కూర్చోండి. ఇక మన ఈ చిన్న గదికి పుస్తకాలు దానం చేస్తామని వస్తారు. సంతోషం. పోయినసారి ఒకాయన ఆటోలో మూడు బస్తాలు పంపారు. విప్పితే ఏముంది? 2009 డైరీలు, సగం రాసినవి. మిక్సీ గైడు. ఎంసెట్ పుస్తకాలు, సిలబస్ రెండుసార్లు మారింది అవి వచ్చాక. దానం చేసేటప్పుడు ఒక్కటే చూసుకోండి, ఆ పుస్తకం మీ పక్కింటి అమ్మాయి చేతికి మీరే ఇవ్వగలరా? సిగ్గేస్తే ఇవ్వకండి. కాగితాలాయనకు వేయండి, అది కూడా ధర్మమే.

ఆ అబ్బాయికి ఉద్యోగం వచ్చిందా అని అడగాలనుకుంటున్నారు కదా? నాకు తెలుసు, ఎక్కడ చెప్పినా చివర ఇదే అడుగుతారు. మొదటిసారి రాలేదు. రెండోసారి కూడా రాలేదు, కొద్దిలో పోయింది. ఇప్పుడు మాదాపూర్‌లో ఒక కాల్ సెంటర్‌లో చేస్తున్నాడు. సర్కారు నౌకరీ రాలేదని వాళ్లింట్లో ఇంకా బెంగే.

పోయినేడాది ఒకరోజు ఫోన్ చేసి, "మేడమ్, పరీక్షలు బంజేసిన. ఇగ కథల పుస్తకాలు చదువుండ్రి" అన్నాడు. మిషన్ చదువుతుంది కదా బాబూ, నీకు అలవాటే కదా అన్నాను. "పరీక్షకు మిషన్ మంచిదే మేడమ్, జల్ది జల్ది చదువుతది. కథకు జల్ది ఎందుకు?" అన్నాడు. చిన్నప్పుడు వాళ్ల నానమ్మ చెప్పేదట కథలు. ఆవిడ పోయాక తనకు కథ ఎవరూ చెప్పలేదట.

అప్పటినుంచి నవలలు చదువుతున్నాను. రోజూ ఒక అధ్యాయం, రాత్రి పంపిస్తాను. తన షిఫ్టు అయిపోయి, క్యాబ్‌లో వింటాడు. ఏ అర్ధరాత్రో నా ఫోన్‌లో వాయిస్ మెసేజ్ టింగుమంటుంది. "తర్వాతేమైంది మేడమ్?" మా కోడలికి ఇది వింతగా ఉంది, ఈవిడకు ఈ వయసులో అర్ధరాత్రి మెసేజ్‌లేంటని.

నా గొంతు గమనించారు కదా, రెండు వారాలనుంచి ఇలాగే ఉంది. డాక్టరు గట్టిగా చదవొద్దన్నాడు నెలరోజులు. ఇవాళ మాట్లాడ్డం కూడా చెప్పకుండానే వచ్చాను. చిక్కేమిటంటే, ఒక నవల చివరి రెండు అధ్యాయాల దగ్గర ఆగిపోయింది. హీరోయిన్ రైలెక్కి కూర్చుంది, రైలు కదలడం లేదు. పన్నెండు రోజులనుంచి కదలడం లేదు. "వేరేవాళ్లు చదువుతారులే, ఆగు" అని చెప్పాను తనకు.

పుస్తకం ఇదిగో, నా సంచిలోనే ఉంది. 42 పేజీలు. అచ్చు పెద్దదే, కళ్లజోడు లేకపోయినా కనిపిస్తుంది. పేజీ నంబర్లు పైకి చెప్పండి చాలు. ఎవరు తీసుకుంటారు? ఆ నీలం చీరావిడ చెయ్యెత్తారా, జుట్టు సర్దుకున్నారా? ఎత్తారా? ఇటు రండమ్మా.